ఒక్కరి ఒంటి కథ ఎంతవరకు సాక్ష్యం?

2025 ఫిబ్రవరిలో అరసవల్లి రథసప్తమిని రాష్ట్ర పండుగగా జరిపారు. ఆ సందర్భంగా శ్రీకాకుళంలో వేలమంది ఒక్కసారిగా సూర్యనమస్కారాలు చేశారు. అయిదు నెలలు తిరక్కుండానే, జూన్ 20న, విశాఖలో 20 వేలకు పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్యనమస్కారాలు పూర్తిచేసి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. మర్నాడు యోగా దినోత్సవం. ఆర్కే బీచ్ నుంచి విజయనగరం జిల్లా భోగాపురం వైపు సాగే తీరం రోడ్డు పొడుగునా లక్షలమంది చాపలు పరిచారు.

ఎంతమంది వచ్చారన్నది ఆ రోజుల్లో చాలా జాగ్రత్తగా లెక్కపెట్టారు. ఎవరి ఒంట్లో ఏం మారిందన్నది మాత్రం ఆ లెక్కల్లోకి రాదు. ఏ పిల్లవాడి మోకాలు పట్టేసింది, ఏ అమ్మాయికి మొదటిసారి ముందుకు వంగితే చేతులు నేలకి ఆనాయి, మర్నాటి నుంచి ఎంతమంది కొనసాగించారు? ఇవి జనసంఖ్య చెప్పే సంగతులు కావు. ఒక్కొక్కరినీ ఓపిగ్గా, నెలల తరబడి చూస్తే తప్ప తెలియవు.

అలా చూసే పద్ధతినే కేస్ స్టడీ అంటున్నారు. ఒక మనిషినో, ఒక తరగతినో, ఒక ఊరినో తీసుకుని, ముందు ఎలా ఉంది, ఏం నేర్పారు, ఏ క్రమంలో ఏం మారింది, ఏది మారలేదు అన్నది వివరంగా రాయడం. యోగా, సాము, నాట్యం, పాశ్చాత్య దేశాల్లో పుట్టిన అలెగ్జాండర్ పద్ధతి, ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి లాంటి కదలిక విద్యలన్నిటిలోనూ ఎక్కువగా కనిపించేది ఇదే. పాడుచేసి వాడుకున్నదీ దీన్నే. ఫలానా ఆయనకి నడుం నొప్పి పోయిందని కరపత్రంలో వేసుకుంటే అది కేస్ స్టడీ కాదు. దాన్ని చూసి విసిగిపోయి, ఒక్కరి కథకు శాస్త్రంలో చోటే లేదని కొట్టిపారేయడమూ సరికాదు. ఈ రెండింటి మధ్య ఉన్న అసలు ప్రశ్న, ఒక్కరి కథను ఎలా రాస్తే అది సాక్ష్యంగా నిలబడుతుంది అన్నది. ఆ ప్రశ్నను తేల్చుకోవడానికి అరసవల్లి కంటే తగిన చోటు తెలుగునాట మరొకటి దొరకడం కష్టం.

ఎందుకంటే ఇక్కడ నమస్కారం రెండు తీర్లుగా బతుకుతోంది. శ్రీకాకుళం ఊరిని ఆనుకునే ఉన్న ఈ ఆలయాన్ని ఏడో శతాబ్దంలో కళింగ గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. కళ్ల జబ్బులు, చర్మవ్యాధులు నయమవుతాయన్న నమ్మకంతో ఆదివారాలు, అందులోనూ మాఘమాసంలో, జనం పోటెత్తుతారు. భక్తుల పేరున అర్చకులు సూర్యనమస్కారాలు చేస్తారు. తైత్తిరీయ ఆరణ్యకంలోని అరుణ ప్రశ్నను వల్లిస్తూ, దాని 132 భాగాల్లో ఒక్కొక్కదానికి ఒక్కొక్క నమస్కారం చేసే సంప్రదాయం వైదికుల్లో ఉంది. అది మంత్రం నడిపించే కదలిక. శ్వాస ఎంతసేపు, వంగడం ఎంతసేపు అన్నది పాఠమే నిర్ణయిస్తుంది. రెండోది బడి మైదానంలోది. వ్యాయామోపాధ్యాయుడు అంకెలు పిలుస్తుంటే 12 భంగిమల్లో సాగేది. పేరు ఒకటే, సూర్యుడూ ఒకడే, ఒంటికి అందే పని మాత్రం ఒకటి కాదు. సూర్యనమస్కారాల వల్ల ఇలా అయింది అని రాసే ఎవరైనా, ఏ తీరు నమస్కారం, రోజుకు ఎన్ని, ఎంత వేగంతో, ఎవరు సరిదిద్దుతుంటే అన్నది మొదట రాయాలి. అచ్చయిన చాలా కథనాల్లో లేనిది సరిగ్గా ఇదే.

ఒక్క కదలికను దగ్గరగా చూస్తే ఈ వివరం ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. సాష్టాంగం నుంచి ఛాతీ పైకెత్తి పాముపడగలా నిలిచే భంగిమలోకి వచ్చే క్షణాన్ని తీసుకోండి. కొత్తగా నేర్చేవాళ్లలో చాలామంది ముందు తల వెనక్కి పడేస్తారు. మెడ దగ్గర మడత పడుతుంది, ఛాతీ నేలకే అతుక్కుని ఉంటుంది. తర్వాత అరచేతులు బలంగా అదిమి మోచేతులు బిగించేస్తారు. భారమంతా నడుం కింది భాగం మీద పడుతుంది. చేసేవాళ్లకి మాత్రం వెన్నంతా విల్లులా వంగినట్టే ఉంటుంది. పక్కనున్న గురువు రెండు భుజాల మధ్య వేలు పెట్టి, ఇక్కడి నుంచి లేవమని చెప్పాక, చూపు నేల మీదే ఉంచి మెల్లగా లేస్తే, పైకి లేచే ఎత్తు తగ్గుతుంది, నడుం మీద ఒత్తిడీ తగ్గుతుంది. వరసలో నిలబడి అంకెలకు చేసేవాళ్లను దూరం నుంచి చూస్తే ఈ రెండూ ఒకే నమస్కారంగా కనిపిస్తాయి. ఒకటి నడుం నొప్పి తేగలదు, రెండోది ఉన్న నొప్పిని తగ్గించగలదు. సగటు లెక్కలో ఇద్దరినీ కలిపేస్తే ఏమీ జరగలేదనే జవాబు వస్తుంది.

తనకు తోచింది ఒకటి, ఒళ్లు చేసేది మరొకటి అన్న ఈ సంగతిని ఒక్కడే కూచుని తేల్చిన మనిషి ఎఫ్.ఎం. అలెగ్జాండర్. 1869లో టాస్మేనియాలో పుట్టిన రంగస్థల వాచకుడు. వేదిక ఎక్కితే గొంతు బొంగురుపోయేది, విశ్రాంతి తీసుకుంటే బాగుపడేది. వైద్యులు కారణం చెప్పలేకపోయారు. అద్దం ముందు నిలబడి తనను తాను పరిశీలించుకున్నాడు. మాట్లాడబోయే ముందే తల వెనక్కి లాగుతున్నాడు, స్వరపేటికను కిందికి నొక్కుతున్నాడు, గాలిని చప్పుడయ్యేలా పీలుస్తున్నాడు. తల ముందుకు పెట్టానని తనకు గట్టిగా అనిపించినప్పుడు కూడా, అద్దాల సంఖ్య పెంచి చూసుకుంటే అది వెనక్కే ఉంది. ఈ వృత్తాంతం 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది. ఒకే ఒక్క మనిషి, చికిత్స చేసేదీ చేయించుకునేదీ ఆయనే. అయినా ఇది నేటికీ చదవదగ్గది, ఎందుకంటే తనకు ఏమనిపించిందో దానికే అంటిపెట్టుకోకుండా అద్దం చెప్పింది విన్నాడు. కదలిక విద్యలో సొంత అనుభూతి ఒక్కటే ఆధారంగా రాసిన కేస్ స్టడీ ఎందుకు చాలదో ఇంతకంటే స్పష్టంగా చెప్పిన ఉదాహరణ లేదు. ఇవాళ అద్దాల అవసరం కూడా లేదు. జేబులో ఉన్న ఫోన్‌తో పక్క నుంచి తీసిన వీడియో చాలు.

మోషే ఫెల్డెన్‌క్రైస్ 1977లో ప్రచురించిన నోరా కథది మరో తీరు. పక్షవాతం వచ్చి కోలుకున్న స్త్రీ. చదవడం, రాయడం పోయాయి. కుడి ఎడమలు తెలియవు, గుమ్మం సరిగ్గా దాటలేక తగులుకునేది. ఆమెకు చదువు నేర్పకుండా, ఒంటి ఎడమ కుడులను తాకిడితో, కదలికతో మళ్లీ పరిచయం చేయడం నుంచి ఆయన మొదలుపెట్టాడు. పుస్తకం నిండా గురువు ఆలోచన కనిపిస్తుంది. ఈ ప్రయత్నం ఎందుకు చేశాడు, అది పనిచేయకపోతే ఏం మార్చాడు. గురువులకు ఇది వెలలేని పాఠం. సాక్ష్యంగా చూస్తే మాత్రం ఒక లోటు ఉంది. నేర్పినవాడే చూశాడు, చూసినవాడే రాశాడు. ఆ కోలుకోవడంలో కాలం వాటా ఎంత, పాఠం వాటా ఎంత అని విడదీసే ఏర్పాటు అందులో లేదు.

ఒక్క మనిషి చాలు అనిపించే సందర్భాలూ ఉన్నాయి. ఇయాన్ వాటర్‌మన్ అనే ఇంగ్లీషు యువకుడికి 1971లో, 19 ఏళ్ల వయసులో, జబ్బు చేసి మెడ కింది నుంచి స్పర్శ, అవయవాలు ఎక్కడున్నాయో తెలిసే జ్ఞానం పోయాయి. కండరాలు బాగానే ఉన్నాయి, కాని కదపలేడు. చూపును ఊతం చేసుకుని, ప్రతి కదలికనూ ఆలోచించి, మళ్లీ కూచోవడం, నిలబడటం, నడవటం నేర్చుకున్నాడు. దీపం ఆరిపోతే కూలిపోయేవాడు. వైద్యుడు జొనథన్ కోల్ 1991లో ఆయన మీద పుస్తకం రాశాడు. ఆ జ్ఞానం లేకుండా నడక అసాధ్యమని అనుకునేవాళ్లకు ఈ ఒక్కడే జవాబు. ఇది అసాధ్యం అనే మాటను పడగొట్టడానికి వెయ్యి మంది అక్కర్లేదని బెంట్ ఫ్లూబియర్ అనే డేనిష్ పండితుడు 2006లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో వాదించాడు.

మన దేశంలో సూర్యనమస్కారాలకు ఆధునిక రూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు, నేటి సతారా జిల్లాలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావు పంత్ ప్రతినిధి. రోజూ నమస్కారాలు చేసి, తన సంస్థానం బడుల్లో పెట్టించి, పుస్తకాలు రాశాడు. 1938లో లండన్‌లో లూయీస్ మోర్గన్ సంపాదకత్వంలో ఆయన పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. ఆయన ప్రధాన ఆధారం సొంత అనుభవమే. చిత్తశుద్ధిలో లోటు లేదు, ఉత్సాహం అంతకంటే ఎక్కువ. పోల్చి చూడటానికి ఏమీ ఉండదు, అంతే. 1924లో లోనావ్లాలో కైవల్యధామ స్థాపించిన స్వామి కువలయానంద దారి వేరు. ఆయన దగ్గర కూడా మనుషులు కొద్దిమందే. అయితే ఎక్స్‌రే తీశారు, నౌళి అనే యోగక్రియ చేసేటప్పుడు పొట్టలో ఒత్తిడి ఎంత పడిపోతుందో మానోమీటరుతో కొలిచారు, ఆ అంకెల్ని తమ యోగ మీమాంస పత్రికలో అచ్చువేశారు. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆనంద్, ఛీనా, బల్‌దేవ్ సింగ్ రామానంద యోగి ఒక్కరినే గాలి చొరని పెట్టెలో ఉంచి పరీక్షించారు. విశ్రాంతిలో ఒంటికి కావలసిన దానికంటే కూడా ఆయన ప్రాణవాయువు వాడకం తగ్గిందని చూపారు. ఒక్కరే, కాని కొలత గట్టిది. అది చెప్పిన దానికంటే ఎక్కువ ఆ వైద్యులు చెప్పలేదు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఒంటి బలం మాట వస్తే ముందు వినిపించే పేరు కోడి రామ్మూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరం తాలీంఖానాల్లో పెరిగి, అక్కడే వ్యాయామం నేర్పి, తర్వాత సర్కస్ కంపెనీతో దేశదేశాలు తిరిగి, కలియుగ భీముడని బిరుదు పొందిన మనిషి. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న సంగతి, కార్లను ఆపిన సంగతి ఈ ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ప్రాణాయామమే తన బలానికి మూలమని చెప్పుకున్న ఈ మహాబలుడి ప్రదర్శనలు తరతరాలు గుర్తుంచుకున్నాయి. ఆయన రోజువారీ సాధన, ఏ వయసులో ఏం మొదలుపెట్టాడు, ఎవరికి నేర్పితే ఎంతవరకు వచ్చింది అన్న వివరాలను అంత శ్రద్ధగా రాసి పెట్టినవాళ్లు లేరు. 1942లో ఆయనతో పాటే ఆ విద్య వివరం చాలావరకు వెళ్లిపోయింది. ఇది ఆయన కీర్తికి తక్కువ కాదు, తెలుగు వ్యాయామ విద్యకు మాత్రం పెద్ద నష్టం.

కేస్ స్టడీ చేసిన గొప్ప ఉపకారం ఒకటుంది, దాన్ని యోగా ప్రచారకులు ఎక్కువగా ప్రస్తావించరు. అది హానిని బయటపెట్టడం. గంటల తరబడి మోకాళ్ల మీద కూచుని జపం చేసిన ఒక యువకుడికి పాదం వాలిపోయిందని 1971లోనే అమెరికన్ వైద్య సంఘం పత్రికలో నివేదిక వచ్చింది. 2013లో జర్మనీ పరిశోధకులు అప్పటిదాకా అచ్చయిన ఇలాంటి నివేదికలన్నీ పోగుచేశారు. 35 విడి కేసులు, 2 కేసుల వరసలు, మొత్తం 76 మంది. ఎక్కువగా ప్రస్తావనకు వచ్చినవి శీర్షాసనం, సర్వాంగాసనం, పద్మాసనం. దెబ్బతిన్నవాటిలో కండరాలు, ఎముకలు, కీళ్లు ముందు, నరాలు తర్వాత, కళ్లు ఆ తర్వాత. కోట్లమంది చేసే సాధనలో 76 కేసులు ఎంత శాతమో ఈ నివేదికలు చెప్పలేవు, చెప్పడం వాటి పని కాదు. ఇక్కడ చూడండి అని వేలు చూపడమే వాటి పని.

ఆ వేలు అరసవల్లి వైపు కూడా చూపుతుంది. కళ్లకు మేలు జరుగుతుందని ఇక్కడికి వచ్చేవాళ్లలో నీటికాసులు, అంటే గ్లాకోమా, ఉన్నవాళ్లు ఉండటం సహజం. తల కిందికి వచ్చే భంగిమల్లో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుందని 2015లో గ్లాకోమా ఉన్న 10 మందిని, లేని 10 మందిని పరీక్షించి చూపారు. నాలుగు భంగిమలు కొలిస్తే, ఎక్కువ పెరిగింది సూర్యనమస్కారాల్లో వచ్చే, నడుం పైకెత్తి చేతులూ కాళ్లూ నేలకానించే భంగిమలోనే. ఒత్తిడి కాసేపట్లో తగ్గిపోయింది. రోజూ పదే పదే చేస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. ఇక సూర్యబింబాన్ని అదేపనిగా చూస్తే కంటి వెనక పొర కాలుతుందన్నది వైద్య సాహిత్యంలో ఎన్నో విడి కేసులతో రుజువైన సంగతి. ఉదయపు నమస్కారాలు నేర్పే ప్రతి గురువూ, కళ్ల జబ్బు ఉందా అని మొదట అడగడం, సూర్యుణ్ణి తేరిపార చూడొద్దని చెప్పడం భక్తికి ఏమాత్రం అడ్డు కాదు.

మేలు విషయంలో మాత్రం విడి కేసు తడబడుతుంది. కారణం సులువైనదే. నొప్పి మరీ భరించలేనప్పుడే మనిషి గురువు దగ్గరికో, గుడికో, వైద్యుడి దగ్గరికో వెళతాడు. శిఖరం మీదున్న నొప్పి ఏం చేసినా, చేయకపోయినా కొంత దిగుతుంది. దిగినప్పుడు చేస్తున్న పనికే పేరొస్తుంది. దానికి తోడు ఋతువులు. కోతలు, నూర్పిళ్లు జరిగే పుష్యంలో నడుం విరిగేలా పనిచేసిన మనిషి రథసప్తమినాడు నమస్కారాలు మొదలుపెడితే, వైశాఖానికి నొప్పి తగ్గడంలో నమస్కారం వాటా ఎంత, పొలంలో పని తగ్గడం వాటా ఎంత? ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లయితే ఇంకో ప్రశ్న. మూత్రపిండాల జబ్బు అంతగా వ్యాపించిన ప్రాంతంలో ఒంట్లో నీరసం సాధన లోపమో, జబ్బు లక్షణమో తేల్చకుండా కేస్ స్టడీ రాయకూడదు.

సంఖ్య పెంచితే చిక్కు దానంతటదే తీరదు. 24 వారాల పాటు 79 మంది చేత సూర్యనమస్కారాలు చేయించి, కండర బలం, ఓర్పు పెరిగాయని 2011లో ఒక భారతీయ బృందం చూపింది. చేయనివాళ్ల జట్టు పక్కన లేదు. అదే ఏడాది మరో అధ్యయనంలో ఉన్నది ఆరుగురే. రెండో వరస నమస్కారాలకే వాళ్ల గుండె వేగం గరిష్ఠ స్థాయిలో 80 శాతానికి చేరింది. అంటే గట్టి వ్యాయామమే. ఆరుగురితో తేలిన ఈ సంగతి గుండె జబ్బు ఉన్నవాళ్ల చేత 108 చేయించబోయే నిర్వాహకుడికి 79 మంది కథ కంటే ఎక్కువ పనికొస్తుంది.

పెద్ద అధ్యయనం ఏం చేయగలదో చూపినది ఇంగ్లండులో 2008లో వచ్చిన అలెగ్జాండర్ పాఠాల పరీక్ష. పాత నడుం నొప్పి ఉన్న 579 మందిని చీటీ వేసినట్టు విడదీశారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లు ఏడాది తర్వాత నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పితో గడిపితే, 24 పాఠాలు నేర్చినవాళ్లకు అది 18 రోజులు తగ్గింది. 6 పాఠాలకు 10 రోజులు తగ్గింది. 1932 నాటి ఒక్కడి కథ లేకపోతే 2008లో ఏం పరీక్షించాలో ఎవరికీ తెలిసేది కాదు. విడి కేసులతోనే ఆగిపోయిన పద్ధతులకు ఏమవుతుందో ఆస్ట్రేలియాలో తేలింది. 2015లో అక్కడి ప్రభుత్వం సహజ చికిత్సలను సమీక్షించి, ఆధారాలు చాలలేదని, 2019 ఏప్రిల్ 1 నుంచి 16 పద్ధతులకు ప్రైవేటు ఆరోగ్య బీమాలో రాయితీ తీసేసింది. ఫెల్డెన్‌క్రైస్ అప్పటి ఆ జాబితాలో ఉండేది. యోగా ఉండేది. అలెగ్జాండర్ పద్ధతి కూడా ఉండేది, 579 మంది పరీక్ష ఉన్నా సరే. కదలిక గురువులు దాన్ని అన్యాయంగానే చూశారు, అందులో కొంత నిజం ఉంది. ఆధారం లేకపోవడం, పనిచేయకపోవడం ఒకటి కావు. కాని దశాబ్దాల పాటు గెలిచిన కథలే అచ్చువేసి, ఓడిన కథల్ని సొరుగులో పెట్టుకున్నాక, ఎదుటివాళ్లు నమ్మలేదని నిష్ఠూరమాడటం ఎలా?

మధ్యదారి ఒకటుంది, అదే ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నది. 1986లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో గోర్డన్ గయాట్ బృందం ఒకే ఒక్క ఉబ్బసం రోగి మీద మందునూ, ఉత్తి బిళ్లనూ మార్చి మార్చి ఇచ్చి పరీక్షించింది. మేలు చేస్తోందనుకున్న మందు ఆయనకు చేటు చేస్తోందని తేలింది. ఒక్కరే అయినా ఇది కథ కాదు, ప్రయోగం. దీన్ని కదలికకు యథాతథంగా తేలేం. మందు ఆపితే ఒంట్లోంచి దిగిపోతుంది, నేర్చిన కదలిక దిగదు. ఈత వచ్చినవాడికి ఈత మరిపించి మళ్లీ నేర్పడం కుదరదు. అందుకే ఆపి చూడటానికి బదులు, వేర్వేరు రోజుల్లో మొదలుపెట్టించే పద్ధతి వాడాలి.

అరసవల్లి చుట్టుపక్కల నడుం నొప్పి ఉన్న ఆరుగురు స్త్రీలు నేర్చుకోవడానికి ఒప్పుకున్నారనుకుందాం. ఆరుగురికీ ఒకేరోజు నొప్పి పట్టిక రాయడం మొదలవుతుంది. సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పి, బిందె ఎత్తగలిగారా, కింద కూచుని లేవడానికి చేతి ఊతం కావలసి వచ్చిందా. మొదటి ఇద్దరికి మూడో వారంలో పాఠాలు మొదలు, తర్వాతి ఇద్దరికి ఆరో వారంలో, చివరి ఇద్దరికి తొమ్మిదో వారంలో. నొప్పి అందరికీ ఒకేసారి దిగితే అది ఋతువు, పని, పండగ సెలవు. ఎవరికి పాఠం మొదలైతే వాళ్లకే దిగుతూ పోతే అప్పుడు పాఠం సంగతి మాట్లాడవచ్చు. కొలతలు తీసేవాళ్లకు ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలియకూడదు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి వచ్చి కూచోవడానికి ఎన్ని క్షణాలన్న పరీక్షకు ఒక గడియారం చాలు, ప్రయోగశాల అక్కర్లేదు. వైద్య కేసుల రాతకు 2013లో కేర్ పేరుతో వచ్చిన 13 అంశాల పట్టిక ఉంది. గురువులు దాన్ని తెలుగు చేసుకుని గోడకు అంటించుకుంటే సగం పని అయినట్టే.

ఊరినే కేసుగా తీసుకోవడం ఇంకో దారి. ఆమదాలవలస మండలం ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమెకు మొదట నేర్పినది నీలంశెట్టి అప్పన్న. ఆ ఊరి నుంచి ఆ తర్వాతా లిఫ్టర్లు వచ్చారు. విజయనగరం జిల్లా కొండవెలగాడలో అదే కథ. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి అక్కడి అమ్మాయే. ఒక ఊరు అదృష్టమనుకోవచ్చు, రెండు ఊళ్లు ప్రశ్న వేస్తాయి. బరువు ఎత్తే ముందు వీపు నిటారుగా ఉంచడం, తుంటి దగ్గర వంగడం ఈ పిల్లలకు ఏ వయసులో, ఎవరి నోట, ఏ మాటలతో అందింది? అక్క చేస్తుంటే చెల్లి చూసి నేర్చిందా, గురువు చెప్పగా నేర్చిందా? కేస్ స్టడీ పద్ధతికి పాఠ్యపుస్తకం లాంటిది రాసిన రాబర్ట్ యిన్ చెప్పినట్టు, ఒకే ఫలితం వచ్చిన రెండు చోట్లను పోల్చాక, అదే ఏర్పాటు ఉండి ఫలితం రాని మూడో చోటునూ చూడాలి. వ్యాయామశాల కట్టి, రాడ్లు కొని, తాళం వేసి ఉన్న ఊళ్లు జిల్లాలో దొరక్కపోవు. గెలిచిన ఊళ్ల మీద ఎన్నో పత్రికా కథనాలు వచ్చాయి. ఆ మూడో ఊరికి కూడా ఎవరైనా వెళ్లాలి.

తప్పెటగుళ్లు ఆడే బృందాలదీ ఇదే అవసరం. గుండె మీద రేకు తప్పెట కట్టుకుని, పాడుతూ, ఎగురుతూ, ఒకరి భుజాల మీద ఒకరు నిలిచే ఈ విద్యలో గురువు ఏం చూసి కుర్రవాడిని పై వరసకు ఎక్కిస్తాడన్నది ఏ పుస్తకంలోనూ లేని కదలిక జ్ఞానం. ఆడేవాళ్లు తగ్గిపోతున్నారు కాబట్టి దీన్ని వెంటనే రాసుకోవాలి.

చేసేవాళ్లెవరు అన్నదానికి జవాబు లేకపోలేదు. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మనస్తత్వ శాస్త్రవేత్త కోనేరు రామకృష్ణారావు పెట్టిన యోగా, చైతన్య అధ్యయన సంప్రదాయం ఉంది. ఊరూరా వ్యాయామోపాధ్యాయులు, అంటే పీఈటీలు, ఉన్నారు, పిల్లల్ని రోజూ చూసేది వాళ్లే. పరిశోధకుడు వచ్చిపోయేవాడు, పీఈటీ ఉండేవాడు. పట్టిక పీఈటీ చేతిలో ఉండి, లెక్క విశ్వవిద్యాలయంలో జరిగితే పని నిలుస్తుంది.

ఒక జాగ్రత్త తప్పదు. చిన్న ఊళ్లో పేరు మార్చి రాసినా మనిషి తెలిసిపోతుంది. ఫలానా వీధి, రెండు కాన్పులు, పక్షవాతం అన్న మూడు వివరాలు చాలు. నోటితో సరే అన్నంత మాత్రాన సమ్మతి అయిపోదు. రాసింది చదివి వినిపించి, ఏది తీసేయాలో ఆమెనే అడగాలి. వీడియో ఎవరి దగ్గర ఉంటుంది, ఎన్నేళ్లు ఉంటుంది అన్నది కాగితం మీద ఉండాలి.

మానేసినవాళ్ల సంగతి అంతకంటే ముఖ్యం. పది మందితో మొదలుపెట్టి ఆరుగురు మిగిలితే, అచ్చులో ఆరుగురే కనిపించడం ఇప్పటి వాడుక. మిగతా నలుగురి ఇళ్లకు వెళ్లి అడగాలి. నొప్పి పెరిగి మానారా, ఊడ్పులు వచ్చి తీరిక లేక మానారా, వలస వెళ్లారా, బాగుపడి ఇక అక్కర్లేదనుకున్నారా? ఇవి నాలుగు వేర్వేరు ఫలితాలు. మొదటిది సాధనలో లోపం, రెండోది తరగతి వేళల్లో లోపం, మూడోది ఎవరి లోపమూ కాదు, నాలుగోది విజయం. అడగకపోతే నాలుగూ ఖాళీ గడులుగానే మిగులుతాయి. ఆ నలుగురి పేజీలను మిగతా ఆరుగురి పేజీలతో కలిపే కుట్టి, ఒకే నివేదికగా వేయాలి.